చెవులు పట్టుకుని ఉరికించిన కాక

మా కాక చనిపోయాడన్న కబురు మొన్న బుధవారం మధ్యాహ్నం ఖఫ్జీలోని మా క్యాంపుకు వచ్చింది. టైమ్‌కీపర్‌ని కాబట్టి ఆఫీసు ఫోన్ ఎత్తింది నేనే. మెట్‌పల్లి దగ్గరి వాళ్ళ ఊరి నుంచి కాక కొడుకు. "బాపు పొద్దుగాల లేవలేదన్నా," అన్నాడు. ఫోన్ పెట్టేసి మెస్సుకు నడిచాను. అక్కడ ఖాజా భాయ్ పొయ్యి దగ్గర నిలబడి పప్పు కలుపుతున్నాడు. ఖాజా భాయ్ మా కంపెనీ బస్సు డ్రైవర్, నిజామాబాద్ మనిషి. కాకతో పాటే ఈ అరబ్బు దేశంలో దిగాడు, కాకతో పాటే ముసలివాడయ్యాడు.

చెప్పాను. పొయ్యి ఆర్పాడు. గరిటె కడిగాడు. మళ్ళీ కడిగాడు.

"శుక్రవారం మ్యాచ్ ఎవలతోని?"

"ఫిలిప్పీనోలతోని, భాయ్."

"ఆడాలె. ఆపినమని తెలిస్తే ఆడికెళ్ళి గూడ తిడ్తడు వాడు."

ఆడాం. గెలిచాం. ఆ తర్వాతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నాను. స్మృతి వ్యాసం గంభీరంగా ఉండాలని నాకు తెలుసు. కామర్స్‌లో పట్టా పుచ్చుకున్నవాడిని, గంభీరంగా ఉండటం నాకు చేతకాక కాదు. కానీ ఆయన గురించి గంభీరంగా రాయడం మొదలుపెడితే మూడో వాక్యం దగ్గర ఆయనే అడ్డం పడుతున్నాడు. 'గారు' అని రాద్దామన్నా భయమే. బతికుండగా ఎవరైనా 'గారు' అంటే, తన వెనక ఇంకెవరో పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడనుకుని తిరిగి చూసేవాడు. వయసులో చిన్నవాళ్ళందరికీ కాక. మేనేజర్‌కు ఫోర్మన్. మాకు మాత్రం కాక, ఫోర్మన్, ఆ పైన బేస్‌బాల్ కెప్టెన్.

అవును, బేస్‌బాల్. అచ్చుతప్పు కాదు.

తెలియనివారి కోసం రెండు మాటలు. విసిరిన బంతిని బ్యాటుతో కొట్టాలి. కొట్టాక బ్యాటు అక్కడే పారేసి, మూలకొకటిగా ఉన్న బేసుల మీదుగా చుట్టూ ఉరికి మొదలుపెట్టిన చోటికి తిరిగి రావాలి. వస్తే ఒక పరుగు. ఇందులో 'బ్యాటు అక్కడే పారేసి' అన్న ముక్క దగ్గర మావాళ్ళు కొన్నేళ్ళు ఆగిపోయారు. ఈ వ్యాసమంతా దాని గురించే.

జంగ్, అంటే గల్ఫ్ యుద్ధం, వచ్చినప్పుడు ఖఫ్జీని ఖాళీ చేయించి కాకనూ ఖాజా భాయ్‌నీ దమ్మాం వైపు పంపారు. అక్కడ ఒక సైనికుల శిబిరానికి నీళ్ళ పైపులు వేసే పని. సైరన్ మోగితే గ్యాస్ ముసుగులు తగిలించుకుని గోడవారన కూర్చునేవాళ్ళు. ఆగితే మళ్ళీ పైపులు. ఆ శిబిరంలో అమెరికా కుర్రాళ్ళు సాయంత్రాలు ఆడుతుంటే వీళ్ళిద్దరూ పైపుల మీద కూర్చుని చూసేవాళ్ళు. జంగ్ ముగిసి సైనికులు వెళ్ళిపోతూ ఓ సంచీ వదిలేశారు. దానిలో తోలు గ్లౌవ్‌లు, బ్యాట్లు, ఒక పాత బంతి. తోలు ఎండి పగులుతోందని కాక ఆ గ్లౌవ్‌లకు కొబ్బరినూనె పట్టించాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పట్టిస్తూనే ఉన్నాడు. మా జట్టు మైదానంలోకి దిగితే పెళ్ళివారి బస్సు దిగినట్టు వాసన వచ్చేది.

ఖఫ్జీకి తిరిగొచ్చాక, జపాన్ ఇంజనీర్లుండే కాంపౌండ్ మైదానంలో శుక్రవారాలు నాలుగు జట్లు ఆడటం మొదలైంది. జపాన్‌వాళ్ళు, ఫిలిప్పీనోలు, అమెరికన్లు, మేము. జపాన్‌వాళ్ళు మైదానానికి వంగి దండం పెట్టి దిగేవాళ్ళు, మమ్మల్ని చితక్కొట్టి మళ్ళీ దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. మా జట్టంతా కాక ఈడువాళ్ళు, చిన్నప్పటి నుంచి చిర్రగోనె, అదే బిళ్ళంగోడు, ఆ తర్వాత క్రికెట్ ఆడి అరిగిపోయినవాళ్ళు. బంతి తగలగానే బ్యాటు చంకలో పెట్టుకుని ఉరికేవాళ్ళు. కాక మైదానం ఒడ్డున నిలబడి "ఇడిశిపెట్టున్రి! ఇడిశిపెట్టి ఉరుకున్రి!" అని అరిచేవాడు. తన వంతు రాగానే తనూ బ్యాటుతోనే ఉరికేవాడు.

ఒకసారి ఖాజా భాయ్ మొదటి బేస్‌కు ఇంకా రెండు గజాల దూరంలో ఉండగానే క్రికెట్‌లో గీత అందుకున్నట్టు బ్యాటు చాచి పడుకున్నాడు. బ్యాటు బేస్‌కు తగిలింది. దానికంటే ముందు ఫిలిప్పీనో ఎలక్ట్రీషియన్ కాలి ఎముకకు తగిలింది. అంపైర్ అవుటన్నాడు. ఖాజా భాయ్ లేవకుండానే వాదించాడు, "దేఖో సాబ్, బ్యాట్ లోపల్నే ఉన్నది గదా!" ఆ సాయంత్రం శుక్రవారం ఆటలు నడిపే కమిటీ కొత్త నియమం పెట్టింది. బ్యాటు పట్టుకుని ఉరికితే అవుట్. ప్రపంచంలో ఇంకెక్కడైనా ఆ నియమం ఉందో లేదో నాకు తెలియదు. మన తెలుగువాళ్ళ కోసం ప్రత్యేకంగా రాసిన చట్టం అది. గర్వపడాల్సిన విషయమే.

రెండు సీజన్లు వరుసగా మాది ఆఖరి స్థానం. నేను వీసా మీద వచ్చి దిగింది ఆ రెండోది ముగుస్తున్నప్పుడు. ఫిలిప్పీనోల్లో ఆడాలనుకునేవాళ్ళు ఎక్కువై రెండో జట్టు కట్టుకున్నారు. ఉన్నది నాలుగు జట్లకే చోటు. వచ్చే సీజన్‌లో ఆఖరున నిలిచినవాళ్ళు తప్పుకుని వాళ్ళకు చోటివ్వాలని కమిటీ తేల్చింది. మమ్మల్నే ఉద్దేశించి అన్నారని ఎవరూ మాతో చెప్పలేదు. చెప్పే అవసరం కనిపించలేదు.

మైదానం పోతే పోయేది ఆట ఒక్కటే కాదు. క్యాంపు గేటు దాటి, పని బట్టలు కాకుండా ఇంకేవో బట్టలు వేసుకుని, పేరు పెట్టి పిలిపించుకునే చోటు మావాళ్ళకు వారానికి ఆ ఒక్కటే.

ఆ శుక్రవారం మెస్సులో కోడికూర. మాది ఉమ్మడి మెస్సు, వంతులవారీగా వంట. కాక ముద్ద కలుపుతూ చల్లగా చెప్పాడు.

"వచ్చే సీజన్ ముసలోళ్ళం ఎవ్వలం ఆడొద్దు. కొత్తగొచ్చిన పోరగాళ్ళతోని టీం కడ్త."

ఖాజా భాయ్ నవ్వాడు. "మజాక్ చేస్తున్నవా?"

"మొదట నేను తప్పుకుంటున్న. నా తర్వాత నువ్వు."

ఖాజా భాయ్ మా వికెట్ కీపర్. అంటే బేస్‌బాల్‌లో ఆ స్థానానికి వేరే పేరుందనుకోండి, మేము కీపర్ అనే అనేవాళ్ళం. నవ్వు ఆగిపోయింది. "పటేలా, ఈ పోరలు రెండేండ్ల కాంట్రాక్టోళ్ళు. నువ్వు వీళ్ళకు నేర్పిస్తవ్, వీళ్ళు నేర్చుకుంటరు, ఎగ్జిట్ కొట్టుకుని పోతరు. మళ్ళ కొత్తోళ్ళు, మళ్ళ మొదటికి. ఈడ ఉండేది ఎవరు? నువ్వు, నేను. ఉండెటోళ్ళతోని గదా కట్టాలె టీం!"

ఒప్పుకోవాల్సిందే, గట్టి వాదన. ఇంకెక్కడైనా కుర్రాళ్ళ చుట్టూ జట్టు కడితే ఐదేళ్ళకో పదేళ్ళకో ఫలితం చూస్తారు. ఇక్కడ మొక్క నాటిన చోట రెండేళ్ళకు పాస్‌పోర్టు మీద ఇక ఇంటికి పొమ్మనే ఎగ్జిట్ ముద్ర పడుతుంది. అందరం కాక వైపు చూశాం.

"ఉండెటోళ్ళమే ఖాజా. అందుకే మనం నేర్చుకుంట లేము," అన్నాడు కాక. "వచ్చే ఏడు చూసుకుందామంటున్నం, వచ్చే ఏడు గూడ బ్యాటు చంకల పెట్టుకునే ఉరుకుతున్నం. వీళ్ళకు రెండేండ్లే ఉన్నది. తొందర వీళ్ళకుంటది."

"జంగ్‌ల నీ పక్కన కూసున్నది ఈ పోరలా, నేనా?"

"నువ్వే."

"మరి?"

"జంగ్ వేరు, కీపింగ్ వేరు."

ఖాజా భాయ్ చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు ఒక కరెంటు పొయ్యి, ఒక గిన్నె, ఒక పళ్ళెం కొని తెచ్చి అదే వంటగదిలో అవతలి గోడ దగ్గర పెట్టుకున్నాడు. జంగ్ విడదీయలేని మెస్సును బేస్‌బాల్ విడదీసింది. అందరిలాగే నేనూ అప్పుడు కాకే తగ్గుతాడనుకున్నాను. ఆయన తగ్గలేదు. రాత్రి గిన్నెలు తోముతూ ఆ పొయ్యి వైపు చూసేవాడు, మర్నాడు పని దిగగానే మాత్రం మమ్మల్ని ప్రాక్టీసుకు తోలేవాడు.

ఎంపికలు జరిగాయి. నా వంతు వచ్చింది. క్యాంపులో అప్పటికే నా పేరు డిగ్రీ.

"డిగ్రీ, కాలేజీల ఏమాడినవ్?"

"క్యారమ్స్, కాకా."

"మంచిదాయె. ఉరికే ఆట ఏదీ రాదు గదా? పాత అలవాటు లేనోడే నాకు కావాలె."

నా అర్హతలను అంత సూక్ష్మంగా గుర్తించిన వ్యక్తి ఆయనకు ముందు లేడు, తర్వాతా లేడు.

కానీ మిగతా కుర్రాళ్ళకు పాత అలవాటు ఉండనే ఉంది. వాళ్ళూ క్రికెట్ పిల్లలే, వాళ్ళూ బ్యాటు వదలరు. కాక వారం రోజులు ఆలోచించి మందు కనిపెట్టాడు. బంతి కొట్టగానే రెండు చేతులతో రెండు చెవులు పట్టుకుని ఉరకాలి. ఎడమ చేత్తో కుడి చెవి, కుడి చేత్తో ఎడమ చెవి, బళ్ళో సారు పెట్టే శిక్షలాగా. చెవులు పట్టుకున్నవాడి చేతిలో బ్యాటు ఉండదు కదా! సాయంత్రం పని దిగాక, ఇసుకలో, చెవులు పట్టుకుని ఉరికే తెలుగు యువకులను చూసి గేటు దగ్గరి కాపలాదారు మేమేం నేరం చేశామని నన్ను విచారించాడు. "డిగ్రీ చేశాను," అన్నాను.

కొన్నాళ్ళకు చేతులు వాటంతటవే బ్యాటును వదిలేశాయి. చిక్కేమిటంటే చెవులను మాత్రం వదల్లేదు. అసలు మ్యాచుల్లోనూ మావాళ్ళు చెవులు పట్టుకునే మొదటి బేస్‌కు చేరేవాళ్ళు. అది మా ప్రార్థన అనుకుని ఫిలిప్పీనోలు గౌరవంగా పక్కకు జరిగేవాళ్ళు. వాళ్ళ అభిప్రాయాన్ని సరిదిద్దొద్దని కాక మాకు ఆజ్ఞ.

ఇంకో నియమం కూడా పెట్టాడు. నేర్చుకున్నవాళ్ళు వెళ్ళిపోతారన్న ఖాజా భాయ్ మాట ఆయన మనసున పడలేదనుకున్నాం కానీ పడింది. జట్టులో ఎవడు ఏ పని నేర్చుకున్నా, అది ఇంకొకడికి నేర్పాలి. బంతి వేసేది లింబాద్రి. ఆర్మూరు దగ్గరి పిల్లవాడు, వెల్డర్, మా అందరిలోకీ వజ్రం. వాడు రోజూ తను వేసినన్ని బంతులు పెయింటర్ పిలగాడితో వేయించాలి. "రేపు నిన్ను యాడికన్న పంపిస్తరు. నువ్వు పో. నీ బంతి మాత్రం ఈడ ఉండాలె," అనేవాడు కాక.

సీజన్ మొదలైంది, ఓడటమూ మొదలైంది. ముసలివాళ్ళు ఓడినంత ఘోరంగానే ఓడాం. ఖాజా భాయ్ ప్రతి మ్యాచుకూ తన కుర్చీ తనే మోసుకొచ్చి, మైదానానికి సగం వీపు పెట్టి కూర్చునేవాడు. వంటగదిలో వాళ్ళిద్దరి మధ్య రాయబారం నాది.

"డిగ్రీ, మీ కెప్టెన్‌కు చెప్పు. గిట్ల ఓడుడు మాక్కూడ వచ్చు."

"డిగ్రీ, ఆ పొయ్యోనికి చెప్పు. కూరల ఉప్పెక్కువైంది, వాసనకే తెలుస్తున్నది."

ఇద్దరూ మూడడుగుల దూరంలో ఉండేవాళ్ళు. నేను రెండు వైపులా తిరిగి, ఒక్క అక్షరం మార్చకుండా, రాయబారికి తగిన గౌరవంతో అప్పజెప్పేవాడిని.

ఒకసారి మేము దిగాలుగా బూట్లు విప్పుతుంటే కాక అన్నాడు, "ఓడుడు గూడ నేర్చుకోవాలె. కానీ దాంట్ల ఉస్తాద్ కావద్దు." అని ఆ రోజు ఎవడు ఏ బంతికి ఎందుకు ఉరకలేదో వేళ్ళ మీద చెప్పించాడు. ఆ పైవారం ఒక పరుగు తేడాతోనే ఓడాం. ఆ తర్వాత ఒకటి గెలిచాం కూడా. మాకే నమ్మకం కలగక అంపైర్‌ను అడిగి నిర్ధారించుకున్నాం.

చివరికి లెక్క ఒక్క మ్యాచ్ మీదికి వచ్చింది. అమెరికన్లతో. వాళ్ళూ మాలాగే తడబడుతున్నారు. బీరు దొరకని దేశంలో కూడా పట్టుదలతో పొట్టలు పెంచిన మొనగాళ్ళు. గెలిస్తే మేము ఉంటాం. ఓడితే శుక్రవారాలు క్యాంపులోనే.

సరిగ్గా ఆ వారమే కంపెనీకి ఎక్కడో దూరాన హాయిల్ పట్నంలో కొత్త పని దొరికింది. వెల్డర్లు కావాలన్నారు. లింబాద్రి సంచీ సర్దుకుని చీకటితోనే వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అవతలి పొయ్యి దగ్గర నుంచి, ఈసారి నా ద్వారా కాకుండా నేరుగానే, మాట వచ్చింది. "నేను చెప్పలేదా?"

ఒకరిద్దరు "కాకా, నువ్వే బంతెయ్యరాదు?" అని గొణిగారు.

"పెయింటర్ పోరడు వేస్తడు. తొమ్మిదోడు తక్కువైండు, డిగ్రీని దించుదాం," అన్నాడు కాక. నేను అప్పటిదాకా బెంచీ మీదే రాణిస్తున్నాను. తర్వాత ఆయన నడిచి, ఆ మూడడుగులూ దాటి, ఖాజా భాయ్ పొయ్యి దగ్గర ఆగాడు.

"ఖాజా, రేపు మూడో బేస్ కాడ నిలబడు."

"ఆడాల్నా?"

"వద్దు. నీ మోకాళ్ళు పనికిరావు. నీ గొంతు కావాలె."

"తీసేసినవ్ గదా నన్ను!"

"తీసేసిన. తప్పు చేసిన్నని ఇప్పుడు గూడ అంట లేను. పోరగాళ్ళు ఉరుకుతున్నరు గానీ ఎప్పుడు ఆగాల్నో వాళ్ళకు తెల్వదు. బస్సు తోలేటోనివి, నీకు తెలుసు."

ఖాజా భాయ్ చాలాసేపు కూర కలిపాడు. తర్వాత గరిటెతో కాస్త తీసి కాక అరచేతిలో వేశాడు. "ఉప్పు చూడు."

కాక నాకి చూశాడు. "ఎక్కువైంది."

"అయితే మీ అన్నం గూడ తే. కలుపుకుంటే సరిపోతది."

ఆ రాత్రి మెస్సు మళ్ళీ ఒక్కటైంది. కూర నిజంగానే ఉప్పు కషాయం. నీళ్ళు తాగి తాగి పడుకున్నాం.

మర్నాటి ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో వీరుడిని నేనే, నా గురించి నేను ఎక్కువ చెప్పుకోవడం సభ్యత కాదు. పెయింటర్ పిలగాడు లింబాద్రి బంతులే వేశాడు. అదే చెయ్యి తిప్పుడు, అదే ఒడుపు. చివరి వంతు మాది. ఇరుపక్కలా పరుగులు సమానం. మూడు బేసుల మీదా మావాళ్ళు నిలబడి ఉన్నారు. బ్యాటు నా చేతికి వచ్చింది. కాక నా భుజం మీద చెయ్యి వేశాడు.

"డిగ్రీ, నీకు కొట్టరాదు. సిగ్గుపడకు. వాడు అలిసిపోయిండు, బంతి సక్కగ పడ్తలేదు. నిలబడు."

ఈ ఆటలో బంతి వేసేవాడు పక్కకు పక్కకు నాలుగు వేస్తే, ఏమీ కొట్టకపోయినా మొదటి బేస్ ఇచ్చేస్తారు. బేసులన్నీ నిండి ఉంటే ఒక్కొక్కరూ ఒక్కో బేస్ ముందుకు జరగాలి, మూడో బేస్ మీది వాడు ఇంటికి, అంటే మొదలుపెట్టిన చోటికి, వస్తాడు, ఒక పరుగు. అంటే నేను చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం. ఆ విద్యలో మూడేళ్ళు కాలేజీలో శిక్షణ పొందినవాడిని. అయినా ఆఖరి బంతి వస్తుంటే చెయ్యి దురద పెట్టింది. కొట్టేద్దామని భుజం లేచింది.

"హిల్నా నక్కో రే!"

కదలొద్దని మూడో బేస్ దగ్గర నుంచి ఖాజా భాయ్ వేసిన ఆ కేకకు నేనే కాదు, బంతి పట్టుకోవాల్సిన అమెరికన్ కూడా కదలడం మానేశాడు. బంతి ఒక మూర పక్కగా పోయింది. నేను బ్యాటు వదిలేసి, రెండు చెవులూ పట్టుకుని, రాజసంగా మొదటి బేస్‌కు నడిచాను. మూడో బేస్ మీద ఉన్న పెయింటర్ పిలగాడు ఇంటికి చేరాడు. ఖాజా భాయ్ ఆ మోకాళ్ళతోనే ఉరికొచ్చి కాకను ఎత్తబోయి, ఇద్దరూ కలిసి ఇసుకలో పడ్డారు.

ఆ యేడు మాది మూడో స్థానం. నాలుగు జట్లలో మూడోది. కానీ కిందినుంచి చూస్తే రెండోది.

ఖాజా భాయ్ చెప్పినట్టే జరిగింది. ఆ జట్టులోని వాళ్ళు ఒక్కొక్కరూ ఎగ్జిట్ మీద వెళ్ళిపోయారు. పెయింటర్ పిలగాడు కోరుట్లలో రంగుల దుకాణం పెట్టాడు. లింబాద్రి హాయిల్‌లోనే ఉన్నాడు. అక్కడి గోధుమ పొలాల్లో పనిచేసే మనవాళ్ళకు బంతి వేయడం నేర్పుతున్నాడట. ఇక్కడ మిగిలింది మూడోసారి రెన్యూవల్ చేయించుకున్న నేను ఒక్కడినే. కాక చెప్పినట్టు కూడా జరిగింది. వెళ్ళేవాడు తన పని వచ్చేవాడికి అప్పజెప్పి వెళ్ళాడు. లింబాద్రి మొహం ఎన్నడూ చూడని పిల్లవాడు మొన్న శుక్రవారం లింబాద్రి బంతి వేసి గెలిపించాడు. కుర్రాళ్ళ చుట్టూ జట్టు కట్టాలా వద్దా అని నన్నెవరైనా అడిగితే నేను వాదన పెట్టుకోను. శుక్రవారం వచ్చి చూసుకోమంటాను.

కిందటి చలికాలంలో కాక ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఊరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు శుక్రవారం, మాకు మ్యాచ్ ఉంది. సాగనంపడానికి ఎవడైనా వస్తే కాళ్ళు విరగ్గొడతానని ముందే హెచ్చరించాడు. అందుకని ఎవరం వెళ్ళలేదు. దమ్మాం విమానాశ్రయానికి బస్సు తీసింది ఖాజా భాయ్. ఆట సగంలో ఉండగా ఆ బస్సు మైదానం కంచె పక్కన రోడ్డు మీద కనిపించింది. అక్కడ నెమ్మదించాల్సిన పనేమీ లేదు. మలుపు లేదు, బోర్డు లేదు. అయినా ఖాజా భాయ్ దాన్ని మనిషి నడక అంత వేగానికి తెచ్చాడు.

కిటికీలో కాక లేచి నిలబడి ఉన్నాడు. చెయ్యి ఊపుతాడనుకున్నాం. ఊపలేదు. మేము నిలబడ్డ చోట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, చివర, దూరంగా అవతలి కంచె దగ్గర నిలబడ్డ నా మీద ఆగాడు. అరచేత్తో గాలిని పక్కకు తోశాడు. ఎడమకు జరుగు, అని. జరిగాను. ఇంకొంచెం, అని మళ్ళీ తోశాడు. ఇంకొంచెం జరిగాను. అప్పుడు కూర్చున్నాడు. బస్సు వేగం అందుకుంది.

ఆ రోజు బంతి అటువైపు రాలేదు. ఆట అయ్యేదాకా నేను ఆ చోటు నుంచి కదల్లేదు.